ఎత్తలేని బిందె

జి.డి. నాయుడు 1893లో పుట్టిన కలంగల్, కోయంబత్తూరుకు దగ్గర్లో సూలూరు పక్కనుంది. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి, తర్వాత మోటార్లు, రేజర్లు తయారుచేసిన మనిషి ఆయన. ఆయనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్లు ఆ పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు. వీడియో గేముల్లో వస్తువులు ఎలా మెలగాలో రూపొందించడం నా వృత్తి. అక్కడొక ఇంట్లో ఆ వృత్తికి పాఠం దొరికింది.

మనవడు కంప్యూటర్లో ఏదో ఆట ఆడుతున్నాడు. తెరమీద వంటిల్లు, మూలన ఇత్తడి బిందె. వెనక కూర్చున్న అవ్వ అడిగింది: "ఆ బిందెను ఎత్తేదానికి అయితుందా?"

"కాదవ్వా, ఊరికే పెట్టినారు."

"నీళ్లు మోసేదానికి కాకుంటే ఆడెందుకు పెట్టినారు?"

ఆమెకు నేను బదులు చెప్పలేకపోయాను. కదిలే ప్రతి వస్తువుకూ బరువు, చప్పుడు, కదలిక విడివిడిగా చేయాలి. ఆటగాడు దాన్ని గుమ్మంలో పడేస్తే దారి మూసుకుపోకుండా చూడాలి. ఖర్చు ఎక్కువ కాబట్టి సగం వస్తువుల్ని బొమ్మలుగానే వదిలేస్తాం. అలాగని అన్నింటినీ కదిలేలా చేసినా లాభం లేదు. వంద సొరుగులు తెరుచుకుని అన్నీ ఖాళీగా ఉంటే ఆటగాడి చెయ్యి విసిగిపోతుంది. 2004లో వచ్చిన హాఫ్ లైఫ్ 2 ఆటలో ఒక కాపలావాడు ఖాళీ డబ్బాను కిందికి తోసి, దాన్ని తీసి చెత్తబుట్టలో వెయ్యమని మనకు చెబుతాడు. వస్తువుల్ని ఎలా ఎత్తాలో, ఎలా విసరాలో మనకు అక్కడే తెలుస్తుంది. ఆ ఊళ్లో అధికారం ఎవరిదో కూడా అక్కడే అర్థమవుతుంది. ఒక్క డబ్బా ఇంత పని చేస్తే నాకు ముచ్చటేస్తుంది.

కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం మీద 2023లో వచ్చిన వెన్బా ఆట నా లాప్‌టాప్‌లో ఉంటే అవ్వకు చూపించాను. అందులో తల్లి దగ్గరున్న వంటల పుస్తకం చిరిగిపోయి ఉంటుంది. ఇడ్లీ రేకుల్ని ఎలా పేర్చాలో మనమే కనిపెట్టాలి. అవ్వ ముందుకు వంగింది. "కింద ఇడ్లీ ఉండేకాడ పైన బొక్క రావాల. లేకుంటే ఆవిరి యాడికి పోతుంది?" ఆ తర్వాత రేకుల్ని ఆమె చెబుతుంటే మనవడు కదిపాడు. ఆట పుట్టకముందే ఆమె చేతికి తెలిసిన సంగతి అది. అందుకే తెర అడ్డం అనిపించలేదు.

అక్కణ్ణుంచి మదురై వెళ్లాను. మీనాక్షి గుడి ఉత్తర గోపురం దగ్గర నాయక రాజుల కాలపు సంగీత స్తంభాలున్నాయి. ఒకే రాతిలో సన్నని కంబాలుగా చెక్కినవి. తడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. పలకడం కోసం వాటిని విడిగా ఒక పీఠం మీద పెట్టలేదు. అవి మండపంలో స్తంభాలుగానే ఉన్నాయి, తట్టినవాళ్లకు స్వరాన్నీ ఇస్తాయి. నా వృత్తిలో ఇంతకన్నా మంచి నమూనా నేను చూడలేదు.

ఆ రాజుల్లో ఒకడైన తిరుమల నాయకుడు అదే ఊళ్లో 1636లో కట్టించిన మహల్లో అందుకు పూర్తిగా ఎదురు. అక్కడ చేతికి పనే లేదు. రెండు చేతులకూ అందని సున్నపు స్తంభాల మధ్య నడవడమొక్కటే. అయినా మనిషి ఆ చోటులో మునిగిపోతాడు, ఎందుకంటే ఆ స్తంభాలు మనల్ని తట్టమనీ తిప్పమనీ పిలవవు. మా ఆటలో కోట ఉంది. తెరుచుకోని తలుపులన్నిటికీ మావాళ్లు అందమైన గొళ్లాలు గీశారు. వాటిని చెరిపేసి, అక్కడ ఉత్త గోడలు పెట్టమని ఆ ప్రాంగణంలోంచే వాళ్లకు రాశాను.