కొత్త కార్డు, పాత డబ్బా

మా అన్నకొడుకు ఒక గ్రాఫిక్సు కార్డు కొన్నాడు. దాని మూలంగా మా ఇంట్లో దాదాపు నెల్లాళ్ళు సరిగ్గా మాటలు లేవంటే మీరు నమ్మకపోవచ్చు. నేను నిర్మల్లో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. అప్పటిదాకా నాకు తెలిసిన కార్డులు రేషను కార్డు, ఆధారు కార్డు, అంతే.

మా అన్న పోయినప్పటినుంచీ వాడు నా దగ్గరే పెరిగాడు. చదువు డిగ్రీ. కానీ చేతిలో ఒక పని ఉంది, పెళ్ళి వీడియోలు కూర్చడం. ఊళ్ళో ఒక స్టూడియో వాళ్ళు చిప్పుల్లో పోసి ఇచ్చిన గంటల కొద్దీ దృశ్యాన్ని రెండు గంటల సినిమాగా కుదించి ఇస్తాడు. 2023 వేసవి ముహూర్తాల డబ్బంతా పోగేసి, బస్సెక్కి సికింద్రాబాదు వెళ్ళి, ఇరవై తొమ్మిది వేలు పోసి ఆర్‌టీఎక్స్ 3060 అనే కార్డు తెచ్చుకున్నాడు. పాపాయిని పొత్తిళ్ళలో పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేశాడట. "ఎందుకురా ఇంత ఖరీదు?" అంటే "ఎడిటింగుకు కాకా" అన్నాడు. అది సగం నిజం. మిగతా సగం ఆ రాత్రే బయటపడింది.

రాత్రి పదకొండు గంటలకు మంచినీళ్ళకని లేచిన నాకు వాడి గదిలో ఒక గుర్రం కనిపించింది. తెర మీద మంచు కరుగుతున్న లోయలో ఎవరో టోపీవాడు గుర్రం మీద పోతున్నాడు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే ఆట. అంత చక్కని సూర్యోదయాన్ని నేను ప్రబంధాల్లో చదివానే గాని చూడలేదు. వాకిట్లో నిలబడి చూస్తూ ఉండగానే ఆ గుర్రం ఒక పట్నంలోకి ప్రవేశించింది. జనం, దీపాలు, బురదలో నీడలు... టప్పున తెర నల్లబడింది. కంప్యూటరు తనంతట తానే ఆగి, మళ్ళీ మొదటినుంచి లేచింది.

"ఏమైందిరా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఏమో కాకా. ఇది మూడోసారి."

ఆ క్షణంలో నేను అడగవలసిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. అడిగింది మాత్రం ఒక్కటే: "ఎడిటింగుకు అన్నవు?"

మర్నాటి నుంచి అదొక నిత్యకృత్యమయింది. చిత్రమేమంటే పెళ్ళి వీడియోలు కూర్చినంతసేపూ ఆ కార్డు బుద్ధిమంతుడిలా పనిచేసేది. ఆట మొదలుపెడితే పావుగంటకో అరగంటకో ప్రాణం విడిచేది. నా దృష్టిలో ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పనికి పలుకుతున్నది, ఆటకు అలుగుతున్నది. యంత్రానికి కూడా మంచీచెడ్డా తెలిసిపోయిందని ఎకసెక్కం చేశాను. దుకాణానికి ఫోన్ చేస్తే అవతలి మనిషి కూడా "గేమ్స్ ఎక్కువ ఆడుతరా సార్?" అని అడిగాడు. ఆటలకోసమే తయారైన వస్తువు గురించి ఆ ప్రశ్న వేయడం, కుట్టుమిషను చెడితే "బట్టలేమైనా కుట్టారా" అని అడగడం లాంటిదని ఇవాళ అనిపిస్తున్నది. ఆ రోజు మాత్రం నా వాదనకు బలం దొరికిందని సంతోషించాను.

వాడు తన ప్రయత్నాలు తాను చేశాడు. పాత డ్రైవరును వేళ్ళతో సహా పెకిలించే డీడీయూ అనే పనిముట్టుతో శుభ్రం చేసి కొత్తది ఎక్కించాడు. జ్ఞాపకశక్తి పట్టీలను ఊడదీసి, వాటి బంగారు అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు (మన దేశంలో కంప్యూటరుకు జరిగే మొదటి వైద్యం ఇదే). రాత్రంతా మెమ్‌టెస్టు నడిపాడు. ఒక్క తప్పూ రాలేదు. మే నెల, మా ఊరి ఎండ మీకు చెప్పనక్కర్లేదు, మధ్యాహ్నం నలభై నాలుగు దాటుతుంది. వేడివల్లనేమోనని డబ్బా పక్క రేకు తీసేసి టేబులు ఫ్యాను ఎదురుగా పెట్టాడు. మా అమ్మ విసనకర్ర కూడా తెచ్చింది పాపం. "గరం అయితలేదు కాకా, చూడు, అరవై ఎనిమిదే ఉన్నది" అని అంకె చూపించాడు. నేను చూడలేదు. పైగా ఒక మాట అన్నాను. "మీ బాపు ఉంటే ఈ పైసలు గిట్ల తగలేస్తుండెనా?"

ఆ మాట అనకుండా ఉండవలసింది.

వాడు జవాబు చెప్పలేదు. కార్డు విప్పి, పెట్టెలో పెట్టి దుకాణానికి పంపాడు. పన్నెండు రోజులకు తిరిగి వచ్చింది, "లోపమేమీ కనబడలేదు" అన్న చీటీతో. వాడా పెట్టెను తెరవకుండానే బీరువా మీద, మా అమ్మ దాచుకున్న పొనికి కర్ర బొమ్మల పక్కన పెట్టేశాడు. పాత పద్ధతిలోనే, ప్రాసెసరులో ఉన్న చిన్న చిత్రశక్తితోనే వీడియోలు కూర్చుకున్నాడు. నాతో మాట్లాడేవాడు, అన్నం తిన్నావా, కరెంటు బిల్లు కట్టావా అని. ఆ మాత్రం మాటలు అద్దెకున్నవాళ్ళతో కూడా ఉంటాయి.

లోపం లేని వస్తువు ఎందుకు చెడుతుంది? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఒక రాత్రి నిద్రపట్టక గూగులించడం మొదలుపెట్టాను. తెలుగు మాస్టారికి ఎంత అర్థమైతే అంతే అనుకున్నాను గాని, తెల్లవారేసరికి నాకొక విషయం బోధపడింది. ఈ బాధ మా ఇంట్లో పుట్టింది కాదు.

2020 సెప్టెంబరు 17న ఆర్‌టీఎక్స్ 3080 కార్డు బజారులోకి వచ్చింది. అప్పటికి జనం ఎగబడి కొన్న కార్డు అది. వారం తిరక్కుండానే ప్రపంచం నలుమూలలనుంచి ఒకటే గోల, ఆట మధ్యలో పడిపోతున్నదని. చిప్పు వేగం రెండు గిగాహెర్ట్జుల దాపుకు పోగానే కుప్పకూలేది. మొదట అందరూ కార్డు వీపున చిప్పు కింద ఉండే కెపాసిటర్ల మీద పడ్డారు, పెద్దవి ఆరు పెట్టినవారిదే తప్పని. ఈవీజీఏ అనే కంపెనీ తన మొదటి నమూనా అలా ఆరింటితోనే చేశామనీ, పరీక్షలో నిలవక మార్చామనీ బాహాటంగానే చెప్పింది. అంతలో సెప్టెంబరు 28న ఎన్‌విడియా 456.55 అనే కొత్త డ్రైవరు ఇచ్చింది. కార్డు మార్చకుండానే చాలామందికి బాధ తగ్గింది. మరుసటి ఏడు జులైలో ఇంకో కథ. న్యూ వరల్డ్ అనే ఆట ఆడుతుంటే ఏకంగా 3090 కార్డులు చచ్చిపోయాయి. ఆటను తిట్టేవారు తిట్టారు. చివరికి అదే ఈవీజీఏ, తమ కార్డుల్లో కొన్నింటికి టంకం సరిగా పడలేదని ఒప్పుకుని మార్చి ఇచ్చింది. ఒకసారి సాఫ్టువేరు, ఒకసారి టంకం. బయటికి కనిపించే లక్షణం ఒకటే, నల్లని తెర. తెర నల్లబడటం జ్వరం లాంటిదన్నమాట. అది రోగం పేరు కాదు.

అయితే జ్వరాల్లో తేడాలుంటాయి. చిత్రం ఆగిపోయి, ధ్వని వినబడుతూ, కాసేపటికి "డిస్‌ప్లే డ్రైవరు స్పందించలేదు" అని విండోసు చెబితే అది ఒక రకం. కార్డు మామూలుగా రెండు సెకన్లలో జవాబివ్వకపోతే విండోసు దాన్ని తట్టిలేపుతుంది, అదీ ఏర్పాటు. మొత్తం యంత్రమే దీపం ఆరినట్టు ఆరి, మళ్ళీ వెలిగితే అది రెండో రకం. ఆ తర్వాత విండోసు చిట్టాలో "కెర్నెల్ పవర్ 41" అని ఒక పద్దు మిగులుతుంది. దానర్థం "నన్ను ఎవరూ సరిగా పడుకోబెట్టలేదు, ఏం జరిగిందో నాకు తెలియదు" అని మాత్రమే. మాది రెండో రకం. అంటే చూడవలసింది చిత్రం వైపు కాదు, కరెంటు వైపు.

పొద్దున్నే వాణ్ణి లేపాను. "ఆ కార్డు మల్ల పెట్టరా. ఒకటి చూద్దాం."

వాడు అనుమానంగానే చూశాడు. కానీ పెట్టాడు. ఆఫ్టర్‌బర్నర్ అనే పనిముట్టుతో కార్డు తినే కరెంటుకు డెబ్బై శాతం దగ్గర కట్టె అడ్డం పెట్టమన్నాను. గుర్రం పట్నంలోకి వెళ్ళింది. పావుగంట, అరగంట, గంట. పడలేదు. వంద శాతానికి తీసుకువెళ్ళాం. పదకొండు నిమిషాలకు తెర నల్లబడింది. మళ్ళీ డెబ్బై. మళ్ళీ నిలబడింది. వీధి చివరి ఎలక్ట్రీషియను దగ్గర మీటరు అడిగి తెచ్చి పన్నెండు వోల్టుల తీగ మీద పెట్టాం. ఊరకే ఉన్నప్పుడు 11.9. ఆట మొదలవగానే 11.4, 11.3. ఆ తీగ అయిదు శాతానికి మించి తగ్గకూడదట, అంటే 11.4 దాని గీత. గీత దాటితే అంతా బాగుందని మదరుబోర్డుకు చెప్పే సంకేతాన్ని కరెంటు డబ్బా వెనక్కి తీసుకుంటుంది, బోర్డు అంతా ఆపి మొదటికి వస్తుంది. పడిపోయే క్షణంలో ఎంతకు జారిందో మా మీటరుకు అందలేదు. కార్డు వాడకం నిలకడగా ఉండదు, సెకనులో వెయ్యో వంతు కాలంలో సగటును మించి ఎగిరిపడుతుంది. పెళ్ళి వీడియోలో ఆ ఎగుళ్ళు లేవు. పట్నంలోకి గుర్రం వెళ్ళినప్పుడే ఉన్నాయి. యంత్రానికి మంచీచెడ్డా తెలియడమంటే ఇంతే!

ఇక మిగిలింది కరెంటు డబ్బా, అదే ఎస్.ఎమ్.పి.ఎస్. మరలు విప్పి బయటికి తీసి, కళ్ళజోడు పెట్టుకుని, దాని పక్కన అంటించిన కాగితం చదివాను. పెద్దక్షరాలతో 450 వాట్లు. కింద చీమతలకాయలంత అక్షరాలతో గళ్ళు. పన్నెండు వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు నూటతొంభైరెండు. కార్డు ఒక్కటే 170 వాట్లు తింటుంది, ప్రాసెసరు లెక్కకు 65. మొత్తం 235. కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల మూతి ఆ డబ్బాకు అసలు లేనే లేదు. రెండు పాత మూతులను కలిపి ఒకటిగా చేసే మారుతీగతో నెట్టుకొస్తున్నాడు. మిగతా వాట్లు కాగితం మీద ఉన్నాయి, తీగలో లేవు.

ఆ డబ్బా కొన్నది నేను.

2019లో కంప్యూటరు కట్టించినప్పుడు దుకాణం పిల్లవాడు "సార్, ఇంకో పద్దెనిమిది వందలు పెడితే మంచిది వస్తది" అన్నాడు. కరెంటు ఏ డబ్బాలోంచి వస్తే ఏమని నేనే వద్దన్నాను. ఇంటికొచ్చి ఆ మిగుల్చుకున్న పద్దెనిమిది వందల గొప్ప నెలరోజులు చెప్పాను. చుట్టాలొస్తే చెప్పాను. వాడు వింటూనే ఉన్నాడు.

"దీంట్లనే ఉందిరా దోషం," అన్నాను.

వాడు నేల మీద కూచుని మరలు ఏరుకుంటున్నాడు. తలెత్తలేదు. "ఎరుకే కాకా."

"ఎప్పటిసంది?"

"రెండో దినమే అనుమానమొచ్చింది."

"మరి చెప్పలేదేంరా?"

కాసేపు ఊరుకున్నాడు. "నువ్వు తెచ్చింది గదా. చెప్తే ఏమనుకుంటవో అని. మల్ల నువ్వు బాపు మాట తీసినవు. ఇగ ఏం చెప్పాలె?"

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెబుతున్నవాణ్ణి. కర్తను ఇంట్లో ఇన్నాళ్ళు గుర్తుపట్టలేకపోయాను. "తప్పయిందిరా" అన్నాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలతో అనే మాట కాదది. నోట్లోంచి రావడానికి కొంచెం కష్టమయింది కూడా. వాడు వినబడనట్టు మరలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువైంది. ఇద్దరం మంచం కింద వెతికాం.

ఆ ఆదివారం నిజామాబాదు వెళ్ళాం. సోన్ వంతెన మీద గోదావరి ఇసుకగా, బండలుగా ఉంది. జూన్ వచ్చినా వాన లేదు. కిటికీ పక్కన వాడు కూచుని, 80 ప్లస్ అంటే ఏమిటో, ఉత్త రంగుకాగితం చూసి మోసపోకుండా పన్నెండు వోల్టుల గడి ఎలా చదవాలో దారి పొడుగునా నాకు పాఠం చెప్పాడు. ఇరవై శాతం బరువుమీదా, యాభై మీదా, నూటికి నూరు మీదా గోడనుంచి తీసుకున్న కరెంటులో కనీసం ఎనభై శాతం లోపలికి అందించాలట ఆ ముద్ర పడాలంటే. నేను మధ్యమధ్యలో ప్రశ్నలు అడిగాను, కొన్ని తెలిసే అడిగాను. 650 వాట్లది, పన్నెండు వోల్టుల గడిలో యాభైకి పైగా ఆంపియర్లున్నది కొన్నాం. డబ్బు నేను ఇచ్చాను. పద్దెనిమిది వందల కంటే చాలానే ఎక్కువైంది.

మీలో ఎవరైనా కొత్త కార్డు కొని ఇలాగే బాధపడుతుంటే, దుకాణానికి పంపేముందు కరెంటును డెబ్బై శాతానికి కట్టి ఒక గంట ఆడి చూడండి. నిలబడితే మాత్రం ముందుగా మీ ఎస్.ఎమ్.పి.ఎస్. పక్కనున్న కాగితం చదవండి. కార్డులోనే ఎగుళ్ళను తట్టుకోలేని లోపం ఉన్నా ఇలాగే నిలబడవచ్చు గనక, దొరికితే స్నేహితుడి డబ్బా ఒకటి తెచ్చి తగిలించి చూడటం ఇంకా నయం. మా వాడి కార్డును దుకాణంవాళ్ళు మంచి డబ్బాకు తగిలించి పరీక్షించి ఉంటారు, అందుకే వాళ్ళకు లోపం కనబడలేదు. వాళ్ళు రాసిన చీటీ నిజమే.

ఆ రాత్రి గుర్రం పట్నంలోకి వెళ్ళింది. దీపాలు, బురద, నీడలు, జనం. నేను కుర్చీ లాక్కుని పక్కన కూచున్నాను. పట్నం దాటి అవతలి వాగుదాకా పోయింది. భోజనానికి పిలవడానికి వచ్చిన మా అమ్మ వాకిట్లోనే నిలబడిపోయి చాలాసేపు చూసింది.

"ఇంతసేపటి సంది ఉరికిస్తున్నవు," అంది మనవడితో, "దానికి ఇన్ని నీళ్ళన్న తాపవారా?"

వాడు నవ్వి, గుర్రాన్ని వాగులోకి దించాడు.