ఎత్తు లెక్క

తమ్ముళ్లూ, పెరూ, బొలీవియా కొండల్లో ఒంటరిగా తిరగాలని రెండేళ్లుగా ట్యూషన్ల డబ్బు దాస్తున్నాను. విమానంలో నేరుగా లాపాజ్‌లో దిగితే రోజులు కలిసొస్తాయి. కానీ అక్కడి విమానాశ్రయమే 4,000 మీటర్లకు పైన ఉంది. మన అరకు 1,000 మీటర్లు కూడా లేదు! పల్చటి గాలికి ఒళ్లు అలవాటుపడకుంటే తలనొప్పి, వాంతులు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణానికే ముప్పు. పట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

అందుకే సముద్రతీరంలోని లిమా నుంచి బస్సులో 2,335 మీటర్ల అరెకిపా చేరి, మూడు రోజులు ఆగి, 3,812 మీటర్ల టిటికాకా సరస్సుకు వెళ్తాను. ఆ తర్వాతే ఉయుని ఉప్పు మైదానం. ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి.

"ఆ డబ్బుతో ఇంటి రేకులు మార్చొచ్చు కదరా" అంది అమ్మ. నిజమే. ఇంకా ఒప్పుకోలేదు. నిన్న మాత్రం అక్కడ చలెంత అని అడిగింది. జూలై రాత్రుల్లో నీళ్లు గడ్డకడతాయన్నాను.