మూడు అంగుళాలు, ఆరు అంగుళాలు

ఈ పర్యాయం ఏ గ్రంథాన్ని గురించీ వ్రాయడం లేదు. ఒక ఒప్పందపత్రంలోని ఒకే ఒక వాక్యాన్ని గురించి వ్రాస్తున్నాను. మా నివాససముదాయపు మార్గాలపై ఎన్ని అంగుళాల మంచు పేరుకున్నప్పుడు దానిని తొలగించే బృందం బయలుదేరాలో నిర్దేశించే వాక్యమది. దానిలో ‘3’ అని ఉండేది. 2022 అక్టోబరులో దానిని ‘6’గా మార్పించినవాడిని నేనే.

మేముండేది కొలరాడో రాష్ట్రంలోని బ్రెకెన్‌రిడ్జ్ పట్టణపు శివార్లలో. సముద్రమట్టానికి 9,600 అడుగుల ఎత్తు. ఇక్కడి వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు 70 శాతం మాత్రమే. ఒక్కొక్క శ్వాసతో లభించే ప్రాణవాయువు కూడా ఆ మేరకే తగ్గుతుంది. నీరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక కందిపప్పు ఉడకాలంటే కుక్కరు తప్పనిసరి. మా ఆవిడకు ఈ ఊరి ఎత్తు మొదట అర్థమైనది ఆ పప్పుగిన్నె దగ్గరే. డెన్వరులో ఉద్యోగవిరమణ చేసి, ఏకాంతవాసం కోరి, 2016లో ఇక్కడికి చేరాము. పర్వతసన్నిధిలో మనస్సు తనంతట తానే నిశ్చలమవుతుందని నా ఊహ. మనస్సు సంగతి అటుంచి, అక్టోబరు మొదలు మే వరకు ఇంటి వాకిలి దాటడమే ఒక ప్రయత్నమని మొదటి శీతకాలంలోనే తెలిసివచ్చింది.

మంచును తొలగించడమంటే దానిని ప్రక్కకు నెట్టివేయడమేనని చాలామంది భావిస్తారు. నేనూ అలాగే భావించాను. నిజానికి ఆ కార్యం మంచు పడకముందే ఆరంభమవుతుంది. భూమి గడ్డకట్టకముందే, అక్టోబరులోనే, దారికి ఇరువైపులా పొడవైన కర్రలు పాతుతారు. జనవరిలో సమస్తమూ ఒకే శ్వేతవర్ణంగా మారినప్పుడు రాతి అంచు ఎక్కడుందో, పూలమడి ఎక్కడుందో, అగ్నిమాపక దళంవారి నీటిగొట్టం ఎక్కడుందో ట్రక్కు నడిపేవానికి చెప్పేవి ఆ కర్రలే. త్రోసిన మంచుకు ఒక స్థానం కావాలి. ప్రజలు నడిచే రహదారిపైకి దానిని త్రోయకూడదు. శుభ్రపరచవలసిన తలంలో సుమారు నాలుగవ వంతు విస్తీర్ణాన్ని మంచు నిల్వకై విడిచిపెట్టాలన్నది ఇక్కడి నిర్మాణ నియమం. వేసవిలో చూసేవారికి అది నిరుపయోగమైన ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ఆ భ్రాంతికి నేనూ లోనయ్యాను; ఆ ముచ్చట తరువాత చెబుతాను.

ఉప్పు చల్లితే కరిగిపోదా అని అడగవచ్చు. సాధారణ లవణం మైనస్ 9 డిగ్రీల దిగువన దాదాపు నిష్ఫలం. మా రాత్రులు అంతకంటె ఎంతో చల్లనివి. మెగ్నీషియం క్లోరైడు మరికొంత చలికి తట్టుకుంటుంది గాని, దారి ప్రక్కనున్న పైన్ వృక్షాల సూదులు దానివలన గోధుమవర్ణానికి తిరిగి ఎండిపోతాయి. కనుక జారకుండా ఉండేందుకు రాతినలుసు చల్లడమే మా వీధిలోని పద్ధతి. మరొక విషయం నన్ను చాలాకాలం ఆశ్చర్యపరచింది. మంచు నేలకు దుప్పటి. దట్టంగా మంచు కప్పినచోట నేల గడ్డకట్టే బిందువు సమీపంలోనే నిలిచి, దానిలోని వేర్లు, దుంపలు సురక్షితంగా నిద్రిస్తాయి. మనం ఊడ్చి శుభ్రపరచిన దారి క్రిందనే చలి అధికలోతుకు దిగి నీటిగొట్టాలను గడ్డకట్టిస్తుంది.

ఈ సూక్ష్మాలన్నీ నాకు చెప్పినది మా వీధిలో పనిచేసే బృందపు నాయకుడు. మెక్సికో దేశస్థుడు. వేసవిలో అతడే తోటమాలి, శీతకాలంలో అతడే ట్రక్కుచోదకుడు. ఈ ఊరిలో అద్దెలు భరించలేక లెడ్‌విల్‌లో నివసిస్తాడు. అది 10,152 అడుగుల ఎత్తున ఉన్న పాత గనుల పట్టణం. అక్కడినుంచి ఇక్కడికి రావాలంటే 11,318 అడుగుల ఫ్రీమాంట్ కనుమ దాటాలి. తెల్లవారుజామున 4 గంటలకు మా దారి తెరవవలసినవాడు 2 గంటలకే, అప్పటికింకా ఎవరూ తెరవని దారిలో బయలుదేరుతాడు. ఇన్నేళ్లలో మేము నిద్రలేచేసరికి దారి సిద్ధంగా ఉండేది. సూర్యోదయం ఎలాగో అదీ అలాగే అనిపించేది.

కేదారనాథయాత్ర చేసినవారు ఈ మాటను గ్రహిస్తారు. కొన్నేళ్ల క్రితం మే నెలలో మేము ఆ దారి నడిచాము. ఒకచోట మనిషి ఎత్తును మించిన మంచుగోడల నడుమ కాలిబాట సాగింది. 3,583 మీటర్ల ఎత్తులోని ఆ క్షేత్రానికి చేరిన పారవశ్యంలో నేను స్వామిని తలచుకున్నాను, నా పుణ్యాన్ని తలచుకున్నాను, గుర్రంవానికి ఇవ్వవలసిన సొమ్మునూ తలచుకున్నాను. ద్వారాలు తెరవడానికి ముందే పారలతో ఆ గోడలను చీల్చినవారు నా స్మృతిలోకి రాలేదు. అప్పుడు తీసిన ఛాయాచిత్రాలు ఇప్పుడు చూస్తే ఆ గోడలపై పారదెబ్బల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఇక నా అపరాధం. మా సముదాయంలో 32 గృహాలు. 2022లో నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. నేను వృత్తిరీత్యా గణకుడిని. లెక్కలు విప్పి చూస్తే వ్యయంలో అగ్రభాగం మంచుకే పోతున్నది. వచ్చిన ప్రతిసారికీ ఇంతని చెల్లించే ఒప్పందం మాది. మూడు అంగుళాలకు బదులు ఆరు అంగుళాలకు రమ్మంటే రాకపోకలు సగమవుతాయి, ఇంటికి ఏడాదికి సుమారు 140 డాలర్లు మిగులుతాయి. పట్టిక వేసి చూపించాను. అందరూ సంతోషించారు. ఆ సమావేశానికి వచ్చిన బృందనాయకుడు ఒక్కడే అభ్యంతరం చెప్పాడు.

“మూడు అంగుళాలను రెండుసార్లు తీయడమూ, ఆరు అంగుళాలను ఒక్కసారి తీయడమూ ఒకటి కాదండీ. ఈలోపల కార్లు తిరుగుతాయి. చక్రాల క్రింద నలిగిన మంచు తారుకు అతుక్కుంటుంది. దానిని మా పలక గీకలేదు. పైన మళ్లీ క్రొత్త మంచు పడితే క్రింద ఏముందో తెలియదు.”

అది తన ఆదాయం తగ్గుతుందన్న చింతతో చెప్పిన మాట అని నేననుకున్నాను. అనడం కూడా అన్నాను, కొంచెం మర్యాదగా. అతడు మారుపలకలేదు. అదే సమావేశంలో మరొక కోరిక కూడా నెరవేర్చుకున్నాను. మలుపు దగ్గరి ఖాళీ స్థలంలో, అంతకుముందు వేసవిలో నేను స్వయంగా నాటిన ఏడు ఆస్పెన్ మొక్కలున్నాయి. అక్కడ మంచు పోయరాదని తీర్మానం చేయించాను. అది నిల్వస్థలమని అతడు నాటేనాడే చెప్పాడు. ఆకురాలుకాలంలో ఆ చెట్లు స్వర్ణకాంతితో వెలిగితే మా కిటికీనుంచి కనబడాలన్నది నా సంకల్పం.

ఆ డిసెంబరులో విజయవాడ వెళ్లి, సంక్రాంతి పండుగ చేసుకుని, జనవరి మూడవ వారంలో తిరిగివచ్చాము. సముద్రమట్టానికి సమీపంలో ఆరు వారాలు గడిపి, విమానం దిగిననాడే నేరుగా పైకి వచ్చేశాము. ఏళ్ల తరబడి ఎత్తులో నివసించినవారికి కూడా, పల్లానికి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. మూడవ రాత్రి, సుమారు 1 గంటకు, మా ఆవిడ లేచి కూర్చుంది.

“ఏమండీ, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు.”

దీపం వేసి చూస్తే పెదవులు నీలివర్ణంలో ఉన్నాయి. దగ్గినప్పుడు నురుగు వచ్చింది. అత్యవసర సహాయానికి ఫోన్ చేసి కిటికీ తెర తొలగించాను. మంచు పడుతూ ఉంది. సాయంకాలం నుంచి 5 అంగుళాలు పడింది. ఐదు అంగుళాలే అని నాలోని గణకుడు ఆ స్థితిలోనూ లెక్కించాడు. ఐదు గనుక ఎవరూ రారు.

అంబులెన్సు త్వరగానే వచ్చింది. మా వాలు దిగువన దాని ఎర్రని కాంతి కనిపించింది, కొంత పైకి వచ్చింది, మలుపు దగ్గర మెల్లగా ప్రక్కకు తిరిగి వెనుకకు జారింది. రెండవసారీ అంతే. సాయంకాలం మంచుక్రీడలు ముగించుకుని వచ్చిన కార్లన్నీ త్రొక్కిన మంచు అడుగున గాజువలె బిగుసుకుని ఉంది, దానిపై మెత్తని క్రొత్త మంచు. అతడు సమావేశంలో చెప్పినది అక్షరాలా అదే. చివరకు ఇద్దరు సిబ్బంది ప్రాణవాయువు సిలిండరు, మడత మంచం మోసుకుంటూ నడిచి పైకి వచ్చారు. వారు ఆ వాలు ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నేను గడియారం చూడలేదు. మా ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను. నామస్మరణ చేద్దామన్నా నోరు రాలేదు. మనస్సులో తిరుగుతున్నది ఒక్కటే: మూడు, ఆరు, మూడు, ఆరు.

ఆమెను మంచానికి కట్టి దించుకుపోతున్నప్పుడు క్రిందినుంచి పసుపుపచ్చని దీపం త్రిప్పుకుంటూ ఒక ట్రక్కు వచ్చింది. ప్రక్క కాలనీలో పనిచేస్తున్న మా బృందనాయకుడు అంబులెన్సు దీపాలు చూసి వచ్చాడట. పలక దించి, మలుపు దగ్గర బిగుసుకున్న మంచును ముక్కలు చేసి, రాతినలుసు చల్లి, అంబులెన్సు తిరగడానికి దారి ఇచ్చాడు. ఆ మంచును త్రోయడానికి అక్కడ ఉన్నది ఒక్కటే చోటు. నా ఆస్పెన్ మొక్కల మీదికే త్రోశాడు. నేను చూస్తూనే ఉన్నాను.

ప్రాణవాయువు అందించి పల్లానికి దించడమే ఈ వ్యాధికి ముఖ్యమైన చికిత్స. మా ఆవిడ డెన్వరులో కోలుకుంది. పది దినాల తరువాత నేనొక్కడినే ఇంటికి వచ్చి లెక్కలు చూశాను. ఆ రాత్రికి సంబంధించిన బిల్లు లేదు. ఫోన్ చేసి అడిగితే, ఐదు అంగుళాలే కదా, ఒప్పందంలో లేనిదానికి బిల్లు ఎలా వ్రాస్తానన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఉన్నా తప్పులేదు. క్షమించమన్నాను. ‘సెన్యోరా’ ఎలా ఉందని అడిగాడు. ఫిబ్రవరి సమావేశంలో నా పట్టికను నేనే తప్పని చెప్పి ‘3’ను తిరిగి చేర్పించాను. ఒకరిద్దరు 140 డాలర్ల మాట ఎత్తారు. వారిని ఖండించే అర్హత నాకు లేదు కనుక, ఆ రాత్రి జరిగినది ఉన్నదున్నట్లు చెప్పి కూర్చున్నాను.

ఆ శీతకాలమంతా మంచు ఆ మూలనే పోశారు. మే నెలలో అది కరగడం మొదలుపెట్టింది. మనం విసుగుతో త్రోసివేసిన ఆ రాశి బొట్టుబొట్టుగా బ్లూ నదిలో చేరి, డిలన్ జలాశయంలో నిలిచి, 1962లో పూర్తయిన 23 మైళ్ల రాబర్ట్స్ సొరంగం గుండా కొండలను దాటి డెన్వరు నగరానికి త్రాగునీరవుతుంది. ఆసుపత్రిలో మా ఆవిడకు నేను పట్టిన గ్లాసులో ఏ సంవత్సరపు మంచు ఉందో!

రాశి కరిగాక నా మొక్కలు బయటపడ్డాయి. ఐదు విరిగిపోయాయి. మిగిలిన రెండింటి బెరడును మంచు అడుగున తిరిగే వోల్ అనే ఎలుకజాతి ప్రాణులు చుట్టూ కొరికివేశాయి. పీకివేయమని చెప్పాను. జూలై వరకు ఆగమన్నాడు బృందనాయకుడు. ఆ ఆగిన కాలంలో అతనితోపాటు ఇళ్ల చుట్టూ తిరిగి వేసవిపని నేర్చుకున్నాను. గోడకు 5 అడుగుల లోపల ఎండుటాకు గాని, చెక్కపొట్టు గాని ఉండరాదు. అక్కడ గులకరాళ్లు మాత్రమే. పైన్ చెట్ల దిగువ కొమ్మలు నరకాలి. బెరడుపురుగు తిని చంపిన చెట్లు ఈ లోయలో అసంఖ్యాకం. 2018 జూన్‌లో సిల్వర్‌థార్న్ సమీపంలో బఫెలో కొండపై కార్చిచ్చు రేగినప్పుడు, ముందుగా చెట్లు తొలగించి ఉంచిన పట్టీల వలననే వందలాది ఇళ్లు దక్కాయి. తోటపని అంటే పుష్పశోభ అని నమ్మిన నాకు, ఎక్కడ ఏమీ నాటకూడదో తెలుసుకోవడానికి ఒక వేసవి పట్టింది.

జూలైలో ఆ మూలన చిన్న చిన్న పిలకలు లేచాయి. ఆస్పెన్ పైభాగం నశించినా వేరు బ్రతికి ఉంటే పిలకలు వేస్తుంది. అయితే అవి నిల్వస్థలానికి వెలుపల, దారికి దూరంగా, వేరు తనకు నచ్చినవైపు ప్రాకి లేచాయి. లెక్కిస్తే పదకొండు.

మొన్న అక్టోబరులో కర్రలు పాతేనాడు నేను కట్టను మోస్తూ అతని వెనుక నడిచాను. సుత్తి పట్టుకోనివ్వలేదు, ఈ ఎత్తులో నా వయసువాడికి ఆ పని తగదన్నాడు. మలుపు దగ్గర ఆగి, పిలకలను చూసి, రెండు కర్రలు అడిగి తీసుకున్నాడు. ఒకటి నిల్వస్థలపు అంచున, మరొకటి పిలకలకు ఇవతల పాతాడు. మా ఆవిడ కిటికీలోంచి, టీ తాగడానికి అతడిని కూడా లోపలికి పిలవమని సైగ చేసింది. ఇంకా నలభై కర్రలున్నాయన్నాడు.