జపాన్‌లో పుట్టిన పరదేశి పేర్లు

హైస్కూల్లో చదివే డిటెక్టివ్ కుర్రాడొకడు విషం వల్ల చిన్నపిల్లవాడైపోయాడు. ఎదురుగా చిన్ననాటి స్నేహితురాలు నిలబడి నీ పేరేమిటని అడుగుతోంది. నిజం చెబితే ప్రాణాలకే ముప్పు. వాడి వెనక పుస్తకాల బీరువా ఉంది. అందులో కంటబడ్డ రెండు పేర్లు కలిపి అప్పటికప్పుడు చెప్పేశాడు: ఎదొగావా కోనన్. అవోయామా గోషో 1994లో మొదలుపెట్టిన 'డిటెక్టివ్ కోనన్' కథానాయకుడు ఇలా పేరు తెచ్చుకున్నాడు.

కోనన్ అన్నది షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కోనన్ డోయల్ నుంచి వచ్చింది. ఎదొగావా అన్నది జపాన్ అపరాధ పరిశోధక సాహిత్యానికి పెద్దదిక్కయిన ఎదొగావా రంపో నుంచి వచ్చింది. రంపో అసలు పేరు హిరాయ్ తారో. అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో మీద అభిమానంతో ఆ పేరునే జపాన్ ఉచ్చారణలో పోతపోసి కలం పేరుగా పెట్టుకున్నాడు. ఎదొగావా అనేది తోక్యో పక్కన పారే నది పేరు కూడా కాబట్టి వినేవాళ్లకు అచ్చమైన స్వదేశీ పేరులా తోస్తుంది. అంటే కోనన్ పేరులో సొంతమనుకున్న సగం కూడా సముద్రం దాటి వచ్చిందే.

జపాన్ బొమ్మల కథలైన మాంగా పుస్తకాల్లో పరదేశి పేర్లు కనబడితే అది పాశ్చాత్యుల మీద మోజు అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. మూలం బయటిదైనా ఆ పేర్లలో ఎక్కువ భాగం జపాన్‌లోనే రూపుదిద్దుకున్నాయి. కథకు కావలసిన స్వేచ్ఛ కోసం అక్కడి రచయితలు వాటిని కష్టపడి తయారుచేసుకున్నారు.

జపనీస్ పేరు మనిషి గురించి చాలా చెప్పేస్తుంది. 'డీమన్ స్లేయర్' నాయకుడు కమాదో తంజిరోనే చూడండి. వాడు బొగ్గులమ్మే ఇంటి పిల్లవాడు. వాడి పేరు మొదట్లో బొగ్గు అనే అర్థమున్న కంజీ అక్షరం ఉంది, ఇంటిపేరులో పొయ్యి ఉంది. చదివేవాడికి ఆ ఇల్లూ ఆ వృత్తీ ముందే కళ్లకు కడతాయి. విదేశీ పేర్లను రాసే కతకానా లిపి అలా కాదు. అది శబ్దాన్ని మాత్రమే పలుకుతుంది. పైగా మనలాగే జపాన్ వాళ్లూ ఇంటిపేరు ముందు చెబుతారు. పరదేశి పాత్రకు మాత్రం ఆ వరస తిరగబడి, సొంత పేరు ముందు నిలుస్తుంది. దానికీ ఇంటిపేరుకీ నడుమ ఒక చిన్న చుక్క పెడతారు. ఆ చుక్క చూడగానే పాఠకుడికి తెలిసిపోతుంది, ఈ మనిషి మన వీధి మనిషి కాదని. వీళ్ల తాతలెవరో, వీళ్లు ఎలా ఉండాలో అతనికి ముందుగా ఏమీ తెలియదు. ఇక ఆ మనిషిని కథలోనే తెలుసుకోవాలి.

ఈ వెసులుబాటు ఎంత దూరం తీసుకెళ్లగలదో 1972లో ఇకెదా రియోకో చూపించింది. ఆమె 'వెర్సాయ్ గులాబీ'లో ఫ్రాన్స్ రాణి మరీ ఆంట్వనెట్, స్వీడన్ ప్రభువు ఫెర్సెన్ చరిత్రలో ఉన్నవాళ్లు. వాళ్ల మధ్య నిలబడిన ఆస్కార్ ఫ్రాన్స్వా ద జార్జే మాత్రం కల్పన. కొడుకు కావాలనుకున్న సేనాపతి కూతురికి మగపేరు పెట్టి సైనికుడిలా పెంచుతాడు. ఆమె రాణికి కాపలా కాస్తుంది, చివరికి విప్లవంలో ప్రజల పక్షాన చేరి బాస్తీల్ దగ్గర ప్రాణాలు వదులుతుంది. సైన్యాన్ని నడిపే ఆడమనిషిని ఆనాటి తోక్యోలో పెట్టి రాస్తే తల్లీతండ్రీ, పెళ్లీ పెటాకులూ, ఇరుగూ పొరుగూ అడుగడుగునా అడ్డం వచ్చేవి. ఆస్కార్ అనే పేరు ఆ అడ్డంకులన్నీ దాటించింది. తమకు దొరకని బతుకును జపాన్ ఆడపిల్లలు ఆ పేరులో చూసుకున్నారు. నాకు ఆ పేరంటే గౌరవం అందుకే.

అదే ఏడాది హగియో మోతో 'పో కుటుంబం' మొదలుపెట్టింది. ఎన్నటికీ పెద్దవాళ్లు కాని ఇద్దరు రక్తపిశాచ బాలుర కథ అది. వాళ్ల పేర్లు ఎడ్గార్, అలన్. రంపో తన భాషలోకి ఒంపుకున్న రచయిత పేరును హగియో ఇద్దరు పిల్లలకు పంచిపెట్టింది. ఒక్క పేరు ఒక దేశంలో ఇన్ని జన్మలెత్తడం నాకెంతో అందంగా కనిపిస్తుంది.

2001లో అరకావా హిరోము 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'తో వచ్చింది. అందులో సైనికాధికారుల్లో చాలామందివి సైనిక విమానాల పేర్లు: మస్టాంగ్, హాక్‌ఐ, హావొక్. కథలో ఆ సైన్యం ఒక జాతిని ఊచకోత కోసింది. ఆ పాపాన్ని మోస్తూ బతుకుతున్న మనుషులకు యుద్ధ యంత్రాల పేర్లు పెట్టడంలో ఎంత ఆలోచన ఉంది! ఆ కథానాయకుడు ఎడ్వర్డ్ ఎల్రిక్‌ని జపాన్ పాఠకుడు 'ఎదొవాదో ఎరురిక్కు' అంటాడు. హల్లు దగ్గర ఆగకుండా అచ్చు చేర్చుకోవడం బ్యాంకు, బస్సు అనే మనకు తెలియనిది కాదు. అలా నోట నానిన పేరు ఇంగ్లండుకీ చెందదు, అమెరికాకీ చెందదు. ఆ కథ ఒక్కటే దాని సొంత ఊరు.

వీటన్నిటిలో నా మనసును పట్టి ఉంచేది మికాసా. ఇసయామా హజిమే 2009లో మొదలుపెట్టిన 'అటాక్ ఆన్ టైటాన్'లో పెద్ద గోడల మధ్య బతికే జనంలో చాలామందివి జర్మన్ వాసన వేసే పేర్లు. కథానాయకుడు ఎరెన్ ఇంటిపేరు యేగర్ అంటే జర్మన్‌లో వేటగాడు. వాళ్ల నడుమ మికాసా అకర్మన్ ఉంది. ఆమె తల్లి తూర్పు జాతివాళ్లలో మిగిలిన కొద్దిమందిలో ఒకతె. మికాసా అన్నది 1905 త్సుషిమా నౌకాయుద్ధంలో జపాన్ అడ్మిరల్ తోగో నిలబడి పోరాడిన నౌక పేరు. జపాన్‌లో అందరికీ తెలిసిన ఆ పేరును ఇసయామా కతకానాలో రాసి, పరాయి పేర్ల మధ్య ఒంటరిగా నిలబెట్టాడు. అక్కడ జపనీస్ పేరే పరదేశి అయింది. తన వాళ్లు ఎవరూ మిగలని చోట బతకడం ఎలా ఉంటుందో జపాన్ పాఠకుడికి ఆ ఒక్క పేరు చెబుతుంది.

2025లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది. తెలుగు ప్రేక్షకుడికి తంజిరో, ఎరెన్ ఇద్దరూ ఒకే దూరంలో ఉన్నవాళ్లు. జపాన్ పిల్లలకు మాత్రం ఒకరు సొంతూరివాడు, ఇంకొకరు ఎక్కడివాడో. ఈ తేడా తెలిశాక ఆ కథలు మళ్లీ చూడండి, ఇంకా లోతుగా తగులుతాయి.

మన దగ్గర పేరు చెప్పగానే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు వినగానే ఊరూ కులమూ లెక్కకట్టేస్తారు. పాత్ర నోరు విప్పకముందే తీర్పు సిద్ధమవుతుంది. ఈ రోజు తెలుగులో బొమ్మల కథలు గీస్తున్న యువతీ యువకులకు జపాన్ వాళ్ల దగ్గర నేర్చుకోవలసినది పెద్ద కళ్లూ నిక్కబొడుచుకున్న జుట్టూ గీయడం కాదు. చేతలను బట్టి మాత్రమే మనిషిని తూచాల్సి వచ్చే ఒక పేరును కల్పించడం. అలాంటి పేర్లు మన నోటికి తగ్గట్టు, మన అచ్చులతో, మన దగ్గరే పుట్టాలి.