నాయిన చూసిన అమెరికా

మన తెలుగువాళ్ళ అమ్మానాన్నలు అమెరికా వస్తే వాళ్ళకొక సిలబస్ ఉంటుంది. నయాగరా, లిబర్టీ బొమ్మ, వైట్ హౌస్ ముందు ఒక ఫొటో, పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం. మాలాగా పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్ళకైతే హెర్షీ చాక్లెట్ ఊరు అదనం. 2017 వేసవిలో మా అమ్మానాయినలు వచ్చినప్పుడు నేనూ ఆ సిలబస్ పూర్తి చేశాను. నయాగరా దగ్గర నీలం రెయిన్‌కోటులో నిలువునా తడిసి, "నీళ్ళు చానా ఉన్నయి" అని ఒక్క ముక్క అన్నాడు నాయిన. పిట్స్‌బర్గ్‌లో దేవుడికన్నా పులిహోర బాగుందన్నాడు. మిగతా రోజులన్నీ హారిస్‌బర్గ్‌లో మా ఇంటి వెనక డెక్కు మీద కూర్చుని, వచ్చే పోయే ట్రక్కులను లెక్కపెట్టేవాడు.

మాది ఇల్లెందు. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని బొగ్గుట్ట అనే అంటారు. 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు ఆ చుట్టుపక్కల బొగ్గుందని తేల్చాడు. సింగరేణి అనే పేరు ఆ పక్కనున్న చిన్న ఊరిది. ఆ తర్వాత కంపెనీ కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని దాకా ఎంత పాకినా పేరు మాత్రం ఆ ఊరిదే మిగిలింది. నాయిన 1976లో బాయి పనిలో చేరాడు. మొదట తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లరు. తర్వాత టింబర్‌మన్, అంటే గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. 2014లో దిగిపోయాడు. మొత్తం ముప్ఫై ఎనిమిదేళ్ళు.

ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన ఎక్కడ పనిచేశాడో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆడవాళ్ళు భూగర్భ గనిలో పనిచేయకూడదని 1952 గనుల చట్టం అంది. దాని సడలింపు వచ్చింది 2019లో. పని సంగతి సరే, ఊరికే చూసి రావడానికి కూడా కార్మికుల పిల్లల్ని లోపలికి ఎవరు తీసుకుపోతారు? నాకు తెలిసిన గని అంటే సైరన్ మోత, లాంప్ రూం ముందు వరస, బాయి ముందు మైసమ్మ గద్దె, షిఫ్టు దిగి వచ్చినాయన కనురెప్పల మీద కాటుకలాగా మిగిలిపోయే నలుపు. ఎంత రుద్దినా అది పోయేది కాదు. చిన్నప్పుడు మా నాయిన కాటుక పెట్టుకుంటాడని బళ్ళో చెప్పి నవ్వులపాలయ్యాను.

అందుకే ఒక శనివారం పొద్దున్నే ఆయన్ని కారెక్కించి ఆష్‌లాండ్ అనే ఊరికి తీసుకుపోయాను. మా ఇంటి నుంచి గంటంబావు. ఎక్కడికని అడగలేదు. హైవే దిగి కొండల్లోకి మళ్ళాక మాత్రం ముందుకు వంగి అద్దంలోంచి చూడటం మొదలుపెట్టాడు. దూరంగా నల్లటి గుట్ట. దాని మీద అక్కడక్కడా తెల్లటి బర్చ్ చెట్లు.

"అది గుట్ట గాదు బిడ్డా, పోసింది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. షమోకిన్ దగ్గర అలాంటిదే ఒకటుంది. మనుషులు పోసిన కొండల్లో ప్రపంచంలోనే పెద్దది మాదేనని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మన దగ్గర ఓపెన్ కాస్టుల పక్కన ఓబీ గుట్టలు లేస్తాయి చూడండి, అదే జాతి. ఇక్కడ వంద నూటయాభై ఏళ్ళు గడిచాయి కాబట్టి చెట్లు మొలిచాయి. ఇక్కడి వాగులు పసుపుకు సున్నం కలిపిన రంగులో పారతాయి. పాత గనుల్లోంచి ఊరే నీళ్ళలో ఇనుము వల్ల వచ్చిన రంగది. అందమైన కొండలూ, చచ్చిన వాగులూ పక్కపక్కనే.

ఇది ఆంత్రసైట్ దేశం. మన బొగ్గుకన్నా గట్టిది, గాజులాగా మెరుస్తుంది. 1917లో ఈ కొండల్లోంచి దాదాపు పది కోట్ల టన్నులు తీశారు. 1870 నుంచి లెక్క చూస్తే ఈ గనుల్లో చచ్చిపోయినవాళ్ళు 31,000 మందికి పైనే. మొదట వెల్ష్ వాళ్ళు, ఐరిష్ వాళ్ళు వచ్చారు. తర్వాత పోలెండ్, లిథువేనియా, స్లొవేకియా, ఉక్రెయిన్ల నుంచి. ఎవరి భాష వాళ్ళది, ఎవరి చర్చి వాళ్ళది. చిన్న ఊళ్ళో కూడా నాలుగైదు చర్చి శిఖరాలు కనిపించేది అందుకే. ఎనిమిదేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి బొగ్గులోంచి రాళ్ళు ఏరించారు. వాళ్ళని బ్రేకర్ బాయిస్ అనేవాళ్ళు. లూయిస్ హైన్ 1911లో తీసిన ఫొటోల్లో ఆ పిల్లలు ముసలి ముఖాలతో మనల్ని చూస్తారు.

ఆష్‌లాండ్‌లో పయనీర్ టనెల్ అని ఒక గని ఉంది. 1931లో మూతపడింది. 1963లో చూడవచ్చేవాళ్ళ కోసం మళ్ళీ తెరిచారు. చిన్న బ్యాటరీ బండి మహనోయ్ కొండ పొట్టలోకి 1,800 అడుగులు తిన్నగా తీసుకుపోతుంది. బయట ఎండాకాలమైనా లోపల చలి, ఎప్పుడూ 52 డిగ్రీలే. టికెట్ కౌంటర్లో అమ్మాయి జాకెట్లు తెచ్చుకున్నారా అని అడిగింది. నాయిన భుజం మీది తువ్వాల చెవులకు చుట్టుకున్నాడు. అమ్మ లోపలికి రానంది. "ఇన్నేండ్లు ఆయన పొయిండు సాలదా? నేనెందుకు?" అని బెంచీ మీద కూర్చుంది.

బండి చీకట్లోకి దూరగానే నాకు ఊపిరి ఆడనట్టయింది. పక్కనున్న నాయిన మాత్రం వెనక్కి ఆనుకుని కాళ్ళు చాపుకున్నాడు. అమెరికా వచ్చిన ఆరు వారాల్లో ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి.

గైడు పెద్దాయన, తనూ గనిలో పనిచేసినవాడే. బండి దిగాక మామత్ వీన్ అనే పొరను చూపించాడు. మన దగ్గర కింగ్ సీమ్, క్వీన్ సీమ్ ఉన్నట్టు ఇక్కడా పొరలకు పేర్లున్నాయి. ఆయన చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. కాసేపటికి నా అవసరం పోయింది. ఇక్కడి బొగ్గు పొర గోడలాగా నిట్టనిలువుగా నిలబడి ఉంది. నాయిన అరచేతిని వాల్చి, తర్వాత నిలబెట్టి, మా దగ్గర ఇట్లా, మీ దగ్గర అట్లా అని చూపించాడు. గైడు తలూపాడు. ఒకచోట దిమ్మె దగ్గర నాయిన ఆగిపోయాడు. చేతికర్రతో పైకప్పును మెల్లగా కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. మళ్ళీ కొట్టాడు.

"ఏం వింటున్నావు నాయినా?"

"ఖంగుమంటే గట్టి. డొల్లగ మోగిందా, ఉరుకుడే."

గైడు ఏమన్నాడని నన్నడిగాడు. చెప్పబోతుంటే ఆయనే వద్దన్నట్టు చెయ్యెత్తి, తన టార్చి వెనక భాగంతో అదే చోట అలాగే కొట్టి నవ్వాడు. మా వెనక ఉన్న ఒహాయో కుటుంబం ఈ ఇద్దరి తమాషా ఏమిటో తెలియక ఫొటోలు తీసుకుంది.

తర్వాత లైట్లు ఆర్పారు. ఒక నిమిషమే. చీకటి అంటే ఏమిటో నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నా చేతిని పట్టుకుని నాయిన మెల్లగా అన్నాడు: "లైటు పొయినప్పుడు కదలొద్దు. కూసోవాలె. ఎవరో ఒకరు వస్తరు." ఆయన ఎన్నిసార్లు అలా కూర్చున్నాడో నేనడగలేదు. నైట్ షిఫ్టుకు పోయినప్పుడు తెల్లారేదాకా అమ్మ తలుపు గొళ్ళెం ఎందుకు పెట్టనిచ్చేది కాదో మాత్రం అప్పుడు అర్థమైంది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు ముంచెత్తి 17 మంది పోయారు. ఆ వారం మా కాలనీలో ఎవరింట్లోనూ టీవీ కట్టలేదు. ఇక్కడ 1959 జనవరిలో నాక్స్ గని మీద సస్క్వెహానా నది విరుచుకుపడితే 12 మంది లోపలే ఉండిపోయారు. ఆ నది పక్కనుంచే నేను రోజూ ఆఫీసుకు పోతాను.

బయటికొచ్చాక, ఇదంతా తమ "హెరిటేజ్" అని గైడు గర్వంగా అన్నాడు. నేను "వారసత్వం" అని తెలుగు చేశాను. నాయిన గట్టిగా నవ్వాడు. సింగరేణిలో ఆ మాటకు వేరే అర్థం ఉంది మరి. వారసత్వం అంటే తండ్రి ఉద్యోగం కొడుక్కి రావడం. పెళ్ళి సంబంధాలు కూడా దాని మీదే కుదిరేవి. నాయిన దిగిపోయాక ఆ పథకం మళ్ళీ తెస్తామన్నారు. 2017లోనే హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాలన్నారు. ఏదీ మా తమ్ముడి దాకా రాలేదు. వాడు ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతున్నాడు. "నీకు చదువిచ్చిన, వానికి బాయి ఇయ్యలేకపోయిన" అని నాయిన అప్పుడప్పుడూ అనేవాడు. భూమి ఇవ్వలేకపోయాను అన్నట్టుగా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపిన ఆ చీకటినే కొడుక్కి ఇవ్వలేకపోయానని బాధపడే తండ్రిని ఎలా ఓదార్చాలో నాకింకా తెలియదు. ఇక్కడివాళ్ళకు వారసత్వం టికెట్టు పెట్టి చూపించేది, మనకింకా దరఖాస్తు పెట్టుకునేది.

ఆష్‌లాండ్ నుంచి మూడు మైళ్ళు ఎక్కితే సెంట్రేలియా. పేరు చాలామంది వినే ఉంటారు. 1866లో మునిసిపాలిటీ అయిన ఊరు. 1890లో 2,700 మందికి పైగా ఉన్నారు. 1962 మేలో శ్మశానం పక్కనున్న పాత గుంతలో చెత్త తగలబెడితే ఆ నిప్పు కింద బొగ్గు పొరకు అంటుకుంది. ఇంకా మండుతూనే ఉంది. మరో 250 ఏళ్ళు మండవచ్చని ఒక అంచనా. 1981లో పన్నెండేళ్ళ పిల్లవాడి కాళ్ళ కింద పెరట్లో నేల కుంగింది. చెట్టు వేరు పట్టుకుని వేలాడితే వాళ్ళ బంధువులబ్బాయి లాగాడు. ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చి జనాన్ని తరలించింది. 1992లో రాష్ట్రం ఇళ్ళన్నీ స్వాధీనం చేసుకుంది. 2002లో పిన్‌కోడు కూడా తీసేశారు. పోనన్నవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే, బతికున్నన్నాళ్ళు ఉండొచ్చని 2013లో ఒప్పందం కుదిరింది. 2020 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం ఐదుగురు.

వీధులున్నాయి, ఇళ్ళు లేవు. ఫుట్‌పాత్ అంచు రాళ్ళు వరసగా పోతూ ఎవరి గుమ్మమూ లేని చోట ఆగిపోతాయి. గుమ్మం ఉండాల్సిన చోట ఎవరో పెంచుకున్న లైలాక్ పొదలు మాత్రం మిగిలాయి. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. బొగ్గుకు పోటీగా వచ్చిన కరెంటు బొగ్గు ఊరి నెత్తినే! పొగ ఇప్పుడు అంతగా కనిపించదు. నాయిన వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"ఇసుక నింపలేదా వీళ్ళు? గోడ కట్టలేదా?" అన్నాడు. మా దగ్గర బొగ్గు దానంతటదే రాజుకోవడం మామూలే. వాసన రాగానే గాలి ఆడకుండా గోడ కట్టి ఆ జాగాను మూసేస్తారట. ఖాళీల్లో గోదారి ఇసుక నింపుతారట. ఇక్కడా కందకాలు తవ్వారనీ, బోర్లు వేసి బూడిద నింపారనీ, ఇచ్చిన డబ్బు అయిపోయినప్పుడల్లా పని ఆగిందనీ చెప్పాను. "పైసలయిపొయినయని మంట ఆగుతదా?" అని విసుక్కున్నాడు. మన ఝరియాలో 1916 నుంచి మండుతోందని గుర్తు చేస్తే మాట్లాడలేదు.

ఊరి పైన కొండవాలులో ఒక తెల్లటి చర్చి ఉంది. మూడు నీలం గుమ్మటాలు. 1911లో ఉక్రెయిన్ కార్మికులు కట్టుకున్న మేరీమాత గుడి. ఊరంతా ఖాళీ అవుతున్నప్పుడు దాని కింద ఏముందో పరీక్ష చేయించారు. బొగ్గు లేదు, గట్టి రాయి ఉందని తేలింది. అందుకని కూల్చలేదు. ఎప్పుడో ఒక ఐరిష్ పాదిరీని కొట్టారట. ఆయన ఈ ఊళ్ళో నా చర్చి తప్ప ఏదీ మిగలదని శపించాడట. తీరా ఆయన చర్చి సెయింట్ ఇగ్నేషియస్‌నే 1997లో కూల్చేశారు. శాపాలకు కూడా అడ్రసు సరిగ్గా ఉండాలి కాబోలు. ఉక్రెయిన్ చర్చిలో మాత్రం ఇప్పటికీ ఆదివారం పూజ జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు కార్లేసుకుని వస్తారు. 2016 నుంచి ఏటా ఆగస్టులో యాత్ర కూడా.

మెట్ల పక్కన బండ మీద అమ్మ కూర్చుంది. నాయిన చెప్పులు విప్పి, తలుపు మూసి ఉన్నా బయటినుంచే దండం పెట్టాడు. మైసమ్మకు పెట్టినట్టే. "బొగ్గు లేని జాగ సూసి కట్టుకున్నరు. తెలివిగలోళ్ళు" అన్నాడు. అమ్మ వెంటనే, "మన కాలనీ కింద ఏమున్నది?" అంది. నాయిన జవాబు చెప్పలేదు. ఆ కాలనీలో మా ఇంటికి రెండిళ్ళవతల నుంచే క్వార్టర్లు ఖాళీ అవుతూ వస్తున్నాయి. వీళ్ళని ఇక్కడే ఉండిపొమ్మని ఆ సాయంత్రం అడుగుదామనుకున్నాను. గ్రీన్ కార్డు కాగితాలు కూడా చదివి పెట్టుకున్నాను. కారులో మాట ఎత్తగానే నాయిన "ఇంకో నెలకు టికెట్టు ఉన్నది గద" అన్నాడు. అంతే.

వెళ్ళిపోయారు. 2020 ఏప్రిల్‌లో సెంట్రేలియా దగ్గర రంగు బొమ్మలతో నిండిన పాత 61వ నంబరు రోడ్డు మీద మట్టి పోసి మూసేశారు. ఆ సంగతి చెబితే, "మట్టి ఎంత మందం పోసిండ్రు?" అనడిగాడు నాయిన. ఆయన ఆదివారం ఫోన్లలో మనవడి చదువు, మోకాళ్ళ నొప్పులు, వానలు అయ్యాక ఒక ప్రశ్న ఉంటుంది. మంచాన పడ్డ చుట్టాన్ని అడిగినట్టు అడుగుతాడు: "ఆ మంట ఎట్లున్నది?"

ఈ జనవరిలో మంచు పడ్డాక అటు వెళ్ళాను. శ్మశానం పక్క వాలులో ఒకచోట పెద్ద చాప పరిచినంత మేర మంచు నిలవలేదు. నేల తడిగా, నాచుతో పచ్చగా ఉంది. వీడియో కాల్‌లో చూపించాను. ఫోను ఇంకా కిందికి పెట్టమన్నాడు.

"మట్టి రంగు కనవడతలేదు. కాలుతో కొంచెం గీకు బిడ్డా."