పాటల పుస్తకం చాటున

ఈ సంగతి వ్రాయాలా వద్దా అని నేను చాలా రోజులు వెనకాడాను. ఇంటిల్లిపాదీ చదువుకునే పత్రిక ఇది. అయితే ఒకరోజు నా బిడ్డే, "రాయమ్మా, నాలెక్క ఎంతమంది దాసుకొని తిరుగుతున్నరో. నా పేరు మాత్రం రాయకు" అన్నది. గనుక ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను.

మాది కమాన్‌పూర్. మా ఆయన సింగరేణిలో, రామగుండం-3 ఏరియాలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మాకు ఒక కొడుకు, తరువాత ఈ బిడ్డ. ఎనిమిదేళ్ళ వయసు నుండి మందిరంలో పాటల బృందంలో ముందు వరుసలో నిలబడి పాడేది. 2013లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. ఆ సంవత్సరం క్రిస్మస్ పాటల అభ్యాసం మొదలైనప్పుడు వెనుక వరుసలోకి పోయింది. పాటలన్నీ నోటికి వచ్చినా, పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకునే నిలబడేది. కాలేజీకి పోతున్నాననే గొప్ప కాబోలు అనుకున్నాను. తల్లినై ఉండి అంతకుమించి ఆలోచించలేదు.

సంగతి బయటపెట్టింది మా వాడకట్టులో బట్టలు కుట్టే ఆమె. పండుగకు లంగా ఓణీ కుట్టిద్దామంటే పిల్ల కొలతలు ఇవ్వనన్నది. పాత జాకెట్టు ఒకటి ఆదికి పంపించింది. ఆ కుట్టే ఆమె నన్ను పక్కకు పిలిచి, "అక్కా, బిడ్డకు జాకెట్టు ఒక పక్క బిగువైతుంది, ఒక పక్క లూజైతుంది. నువ్వొకసారి అడుగరాదు" అన్నది.

ఆ రాత్రి పడుకున్నాక అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గోడవైపు తిరిగి, "నాకు ఒక్క పక్కనే పెరిగిందమ్మా. ఇంకొకటి పెరుగుతలేదు" అని ఏడ్చింది. మూడేళ్ళుగా చున్నీకి పిన్నులు పెట్టుకొని, లోపల చేతిరుమాలు మడతపెట్టుకొని తిరుగుతున్నదట. నా నోటి నుండి వచ్చిన మొదటి మాట ఓదార్పు కాదు. "కుడిపక్కదేనా?" అన్నాను.

ఆమె ఏడుపు ఆపి, "నీకెట్ల తెలుసు?" అన్నది.

నాకు తెలుసు. 1997లో ఆమె పుట్టిన వారం రోజులకు రెండు రొమ్ములు కాస్త ఉబ్బినవి. పసిపిల్లలకు, మగబిడ్డలకు కూడా, అలా ఉబ్బడం మామూలేనట. తల్లి కడుపులో ఉన్నప్పుడు తల్లి రక్తంలోని హార్మోన్లు బిడ్డకు చేరుతవి. వాటివల్ల ఉబ్బి, ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుంది. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాలలో తనంతట తానే పోతుంది. ఇది నాకు పదహారేళ్ళ తరువాత తెలిసింది. ఆనాడు మా ఇంట్లో అందరూ చేసినట్టే మా అత్తమ్మ స్నానం పోసేటప్పుడు నూనె రాసి, "చెడుపాలు పోవాలె" అని పిండింది. నేను పక్కన కూర్చొని చూస్తూనే ఉన్నాను. మూడో రోజుకు కుడిపక్క ఎర్రబడి చీము పట్టింది. ఒకచోట కోసి చీము తీశారు. పది రోజులలో మానిపోయింది. చిన్న మచ్చ మిగిలింది. ఆ మచ్చను మేము మరచిపోయాము.

ఈ మాట నా బిడ్డకు ఆ రాత్రే చెప్పాను. చెప్పకపోతే అన్నం సహించేటట్టు లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భారమైంది.

మొదట చేసిన తెలివితక్కువ పనులు కూడా చెప్పాలి గదా. తెలిసినామె చెప్పిందని ఏదో తైలం తెప్పించి రెండు నెలలు రుద్దించాను. తైలాలతోగాని, లేపనాలతోగాని రొమ్ము పెరగదు. పైసలు పోవడమే. ఒకాయన హార్మోను ఇంజెక్షన్లు ఇస్తానన్నాడు గాని మా ఆయన వద్దన్నారు, అదొక మేలు. చివరికి 2014 మొదట్లో గోదావరిఖనిలో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. ఆమె నన్ను బయట కూర్చోబెట్టి ముందుగా పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. ఆ పద్ధతి నాకు నచ్చలేదు అప్పుడు. ఇప్పుడు నచ్చుతున్నది.

డాక్టరమ్మ చెప్పినదాంట్లో సగం నేను ఎన్నడూ వినని మాటలు. రెండు రొమ్ములూ అచ్చంగా ఒక్క తీరుగా ఉన్న స్త్రీలు బహు తక్కువ. ఎదిగే వయసులో ఒకటి ముందు మొదలై ఇంకొకటి కొన్ని నెలలు వెనుకబడడం సాధారణమే. చాలామందికి పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి తేడా తగ్గిపోతుంది. కొందరికి మాత్రం కారణం ఉంటుంది. ఒక పక్క గడ్డ పెరిగి పెద్దదిగా కనబడవచ్చు. పుట్టుకతోనే ఒక పక్క ఛాతీ కండరం లేకపోవచ్చు. దీనిని 1841లో లండనులో ఆల్ఫ్రెడ్ పోలండ్ అనే ఆయన వర్ణించాడు గనుక ఆయన పేరుతోనే పిలుస్తారట. చిన్నతనంలో ఛాతీ కాలినా, చీముగడ్డకు కత్తి తగిలినా లోపలి మొగ్గ దెబ్బతింటుంది. రొమ్ము అంతా చనుమొన కింద ఉండే ఆ చిన్న మొగ్గలో నుండే పెరుగుతుంది. మా బిడ్డకు జరిగింది అదే. స్కానింగులో గడ్డలేమీ లేవని తేలింది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. పెళ్ళయి పిల్లలున్న స్త్రీకి, అంతవరకు సమంగా ఉన్నవి కొత్తగా ఒక పక్క పెద్దదైనా, గట్టిపడినా, చర్మం గుంటపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, అది మేము పడిన బాధ వంటిది కాదు. అది కేన్సరేమో చూపించుకోవలసిన సంగతి. సిగ్గుపడి ఒక నెల కూడా ఆలస్యం చేయవద్దు.

ఆపరేషను ఎప్పుడని అడిగితే, "ఎదుగుదల ఆగాలి. పద్దెనిమిది దాటినాక రండి" అన్నది. అంతవరకు లోబట్టలో పెట్టుకునే మెత్త ఎలా కుట్టుకోవాలో చూపించింది. మా టైలరామె దూదితో, మెత్తటి బట్టతో నాలుగు కుట్టి ఇచ్చింది, రూపాయి తీసుకోలేదు. ఆ మెత్తలతోనే నా బిడ్డ ఇంటర్, డిగ్రీ పూర్తి చేసింది. చెమటకు తడిసేవి, బస్సులో జరిగేవి. కానీ వీపు నిటారుగా పెట్టి నడవడం మళ్ళీ మొదలుపెట్టింది.

2017లో హైదరాబాదులో ప్లాస్టిక్ సర్జరీ డాక్టరును కలిశాము. కాగితం మీద బొమ్మలు గీసి ఓపికగా చెప్పాడు. పెద్దదానిని తగ్గించి చిన్నదానికి సరిపెట్టడం ఒక దారి. చిన్నదానిలో సిలికాను తిత్తి పెట్టి పెంచడం ఒకటి. పొట్ట నుండో తొడల నుండో కొవ్వు తీసి నింపడం ఇంకొకటి. అయితే నింపిన కొవ్వులో కొంత శరీరం పీల్చుకుంటుంది గనుక మళ్ళీ మళ్ళీ చేయాలి, పైగా మా పిల్ల సన్నపుది, తీయడానికి కొవ్వేది? వీపు కండరాన్ని తిప్పి ముందుకు తెచ్చే పెద్ద ఆపరేషను కూడా ఉంది గాని ఆమెకు అంత అవసరం లేదన్నాడు.

నాకు మొదటిదే బాగుందనిపించింది. లోపల వస్తువేదీ పెట్టరు, ఒక్కసారితో అయిపోతుంది. అప్పుడు డాక్టరు నా బిడ్డవైపు తిరిగి, "అమ్మా, కుడివైపు పాలు రావడం కష్టం. ఎడమదే నీ పిల్లలకు పాలిచ్చేది. దానిని కోసి తగ్గిస్తే పాల నాళాలు తెగవచ్చు, చనుమొన స్పర్శ కూడా తగ్గవచ్చు" అన్నాడు. కానుపుల తరువాత సైజు ఎలాగూ మారుతుంది గనుక తొందర లేకపోతే ఆగమని కూడా అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో మా ఇద్దరికీ గొడవ. పెళ్ళికి ముందే చేయించాలని నేను. "వచ్చేటోనికి తెల్వకుంట ఎట్ల చేస్తవు బిడ్డా?" అన్నాను. "తెల్వకుంట చేసుడెందుకు? చెప్పే చేసుకుంట" అన్నది. పెద్దపల్లి వచ్చేదాకా మాట్లాడుకోలేదు.

మా స్త్రీల కూటంలో ఒక పెద్దమ్మకు ఎలాగో తెలిసి, దేవుడిచ్చిన శరీరం మీద కత్తి పెట్టవచ్చునా అని అడిగింది. ఆ ప్రశ్న నన్నూ బాధించింది. వేలూరు మిషను ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ దొర కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులను ఆపరేషన్లతో మళ్ళీ పనికి తెచ్చినది 1940ల చివర. చీలిన పెదవులతో పుట్టిన పిల్లలను మనమే ఆసుపత్రులకు తీసుకుపోతాము. రూపం సరిచేయడం అక్కడ మేలు, ఇక్కడ వ్యర్థమా? నేను ఇదంతా ఆలోచిస్తుండగానే నా బిడ్డ, "పెద్దమ్మా, మీ కంటి పొర తీయించుకున్నరు గద" అన్నది. ఆమె నవ్వింది. అయినా ఒప్పుకున్నదని చెప్పలేను.

అయితే చేయించుకోకపోయినా తప్పు లేదు. తేడా ఉన్నా దిగులులేని ఆడపిల్లకు ఏ ఆపరేషనూ అక్కరలేదు, ఆరోగ్యానికి కొదువ లేదు.

2019లో సంబంధం వచ్చింది. పిల్లవాడు ఎలక్ట్రీషియన్. మాటముచ్చట కాకముందే నా బిడ్డ అతనితో మా ఇంటి వరండాలో కూర్చొని చెప్పింది. నేను వంటింట్లో ఉండి చెమటలు కక్కాను. అతను సరేనని వెళ్ళిపోయి వారం రోజులు కబురు చేయలేదు. ఆ వారం మా ఆయన నాతో ముభావంగా ఉన్నారు, చెప్పనిచ్చినందుకు. ఎనిమిదో రోజు ఫోను చేసి, మా అమ్మకు చెప్పలేదు, చెప్పవలసిన పని కూడా లేదు, ముహూర్తం చూడండి అన్నాడు.

2021 జనవరిలో ఆడపిల్ల పుట్టింది. డాక్టరు చెప్పినట్టే కుడివైపు నాలుగు చుక్కలు తప్ప పాలు రాలేదు. ఒక్క పక్క పాలతోనే పిల్ల చక్కగా బరువు పెరిగింది. బిడ్డ ఎంత తాగితే ఆ పక్క అంత తయారవుతుంది. ఆ పాలు చూసినప్పుడల్లా, 2017లో నా మాటే నెగ్గి ఉంటే అని నాకు గుండె దడదడలాడేది. అయిదో రోజున మనుమరాలి రొమ్ములు ఉబ్బినవి. మా అత్తమ్మకు చూపు తగ్గినా చేయి తడిమి పట్టుకున్నది. నా బిడ్డ ఆ చేతిని మెల్లగా తీసి, "నానమ్మా, ఉండనీ, దానంతటదే పోతది" అన్నది. అంతే. మా అత్తమ్మకు ఆనాటి సంగతి ఇప్పటికీ ఎవరమూ చెప్పలేదు.

పిల్ల పాలు మానినాక 2023 జూనులో మొదటి ఆపరేషను. కుడివైపు చర్మం బిగుసుకొని ఉన్నందున ఒకేసారి తిత్తి పట్టదు. ముందుగా ఖాళీ బుడగ ఒకటి లోపల పెట్టి, రెండు వారాలకొకసారి సూదితో ఉప్పునీరు ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీశారు. ఎక్కించిన రోజూ మరుసటి రోజూ ఛాతీ బిగబట్టినట్టు నొప్పి. ప్రతిసారీ హైదరాబాదు పోయి రావడం, చంటిదాన్ని నేను చూడడం. 2024 జనవరిలో ఆ బుడగ తీసి సిలికాను తిత్తి పెట్టారు. ఎడమదానిని పెద్దగా తగ్గించకుండా కొంచెం పైకి ఎత్తి కుట్టారు. ఖర్చు రెండు లక్షలు దాటింది. సగం అల్లుడు, సగం మా ఆయన దాచిన డబ్బు. మామూలుగా ఆరోగ్య బీమావారు అందం కోసం చేసేదానికి ఇవ్వరు. ప్రమాదం, కాలిన గాయం, కేన్సర్ తరువాత సరిచేయడానికైతే ఇస్తారు. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి, లేనివారు అక్కడ అడగవచ్చు. చెన్నైలో స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రిలో 2018లో పేద స్త్రీలకు రొమ్ము సరిచేసే ఆపరేషన్లు ఉచితంగా మొదలుపెట్టినప్పుడు, పేదలకు ఇవి ఎందుకని కొందరు విమర్శించారు. ఎందుకో నా బిడ్డను అడిగితే చెప్పేది.

తిత్తి సంగతి కూడా దాచకూడదు. 1962లో అమెరికాలోని హ్యూస్టనులో మొదటిసారి పెట్టినప్పటి నుండి దానిమీద ఎన్నో చర్చలు. 1992లో ఆ దేశంలో సిలికాను జెల్లువాటిని దాదాపుగా ఆపివేసి, 2006లో మళ్ళీ అనుమతించారు. పైభాగం గరుకుగా ఉండే ఒక రకం వల్ల అరుదుగా ఒక కేన్సరు వస్తున్నదని 2019లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మా బిడ్డకు పెట్టింది నున్నటి రకం. అయినా అది జన్మంతా ఉండే వస్తువు కాదు. చుట్టూ పొర గట్టిపడవచ్చు, పగలవచ్చు, ఎప్పుడో ఒకప్పుడు మార్చవలసి రావచ్చు. దాని నంబరున్న కార్డు ఆమె ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకున్నది. రొమ్ము స్కాను తీసేవారికి ముందే చెప్పాలట.

ఇప్పటికీ రెండూ అచ్చంగా ఒక్కటి కావు. కుడిది కాస్త గట్టిగా, పైకి ఉంటుందట. ఎడమవైపు మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. కిందటి క్రిస్మస్‌కు కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి టైలరామె దగ్గరకు నాతో వచ్చింది. ఆది జాకెట్టు తేలేదు. టేపు చేతికిచ్చి నిలబడింది. ఆమె ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచి, "పావు ఇంచు తేడా ఉన్నది బిడ్డా, కుట్టుల సర్దనా?" అని అడిగింది.

"వద్దక్కా, ఉండనీ" అన్నది.