నీళ్ళు మీద పడకపోతే

పాపం చేసినవాళ్ళ మీద వసుధార నీళ్ళు పడవట. ఆ జలపాతం గురించి ఎవరు చెప్పినా ముందు ఈ మాటే చెప్తారు. బదరీనాథ్ దాటితే మాణా, అక్కణ్ణుంచి అలకనంద లోయలో ఐదారు కిలోమీటర్ల నడక. దాదాపు 120 మీటర్ల పైనుంచి పడే సన్నటి ధార. ఆ లోయలో గాలి ఊరుకోదు, ధార కిందకి చేరేలోపే తుంపరలై ఎటో కొట్టుకుపోతుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరు తడుస్తారు, ఒకరు తడవరు. కథ పుట్టడానికి ఇంకేం కావాలి?

ఇదంతా వివరిస్తే అమ్మ శ్రద్ధగా విని, "సరే గానీ నాన్నా, నా మీద పడకపోతే?" అంది.

అమ్మకి 62. నాన్న పోయి రెండేళ్ళవుతోంది. వెంటిలేటర్ మీద పదకొండు రోజులు గడిచాక, "ఇక చాలు, ఇంటికి తీసుకుపోదాం" అన్నది తనే. కాగితం మీద సంతకం పెట్టిందీ తనే. ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు. ఆ సంతకం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు కూడా. ఇప్పుడు వసుధార చూడాలంటోంది.

నాకు చేతనైంది స్ప్రెడ్‌షీట్. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు. జోషీమఠ్ సుమారు 1,900, బదరీనాథ్ 3,100, వసుధార 3,600 చుట్టుపక్కల. అంత ఎత్తులోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి పీడనం, సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే మిగులుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దంటారు. జోషీమఠ్ నుంచి బదరీనాథ్‌కి కారెక్కితే ఒక్క పూటలో 1,200 పెరుగుతుంది. అందుకే జోషీమఠ్‌లో ఓ రాత్రి, బదరీనాథ్‌లో రెండు రాత్రులు. నడక ఆ తర్వాతే. తలనొప్పితో పాటు వికారమో కళ్ళు తిరగడమో ఉంటే ఇక పైకి వెళ్ళం. తగ్గకుండా ముదిరితే కిందకి దిగిపోవడమే. అడుగులు తడబడినా, మాట పొంతన లేకపోయినా ఆ క్షణమే దిగాలి. అసెటజోలమైడ్ సంగతి, అమ్మ బీపీ మాత్రల సంగతి డాక్టర్‌తోనే తేల్చుకున్నాం.

మూడు నెలలుగా అమ్మ మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తులూ రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగుతోంది. కొత్త బూట్లు వేసుకునే కూరగాయలకి వెళ్తోంది, కాళ్ళకి అలవాటవ్వాలని. దీనివల్ల కాళ్ళూ ఊపిరీ గట్టిపడతాయి గానీ ఎత్తు జబ్బుకి ఇది విరుగుడు కాదు. గబగబా ఎక్కేసే కుర్రాళ్ళే ముందు కూలబడ్డ సందర్భాలు బోలెడు.

ఇది చదువుతుంటే తిక్కన మహాప్రస్థానిక పర్వం గుర్తొచ్చింది. మాణాలో సరస్వతి మీద అడ్డంగా పడున్న బండని భీమ్‌పుల్ అంటారు. ద్రౌపది దాటడానికి భీముడు వేశాడని కథ. వసుధార దారి దాని మీదుగానే. ఆ పర్వంలో ద్రౌపది ముందు పడిపోతుంది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు. పడ్డప్పుడల్లా భీముడు ఎందుకని అడుగుతాడు, ధర్మరాజు ఒక్కో దోషం చెప్పి నడిచిపోతాడు. చివరికి భీముడి వంతూ వస్తుంది. కాలేజీలో చదివినప్పుడు నేను ధర్మరాజు జవాబులే పట్టించుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ భాగమంతా భీముడి ప్రశ్నదే అనిపిస్తోంది. తనవాళ్ళు పడిపోతుంటే, మిగిలినవాడు అడగకుండా ఉండలేని ప్రశ్న అది. అమ్మదీ అదే ప్రశ్న. కాకపోతే పక్కన ధర్మరాజు లేడు కాబట్టి జవాబు కూడా తనే చెప్పేసుకుంటోంది, తన పేరు మీదే.

దానికి నా షీట్‌లో కాలమ్ లేదు. పైగా ఉన్న కాలమ్స్ దానికి అడ్డం పడుతున్నాయి. సెప్టెంబరు చివర కూడా ఆ ఎత్తులో తడిసి చలిగాలికి నిలబడితే ఒంటి వేడి దిగజారిపోతుంది. అందుకే రెయిన్‌కోట్ కొన్నాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తడవడానికేగా అంత దూరం పోయేది!" అని పక్కన పెట్టేసింది.

ఇంకో పేచీ పన్నెండు గంటల దగ్గర. కొండల్లో మధ్యాహ్నం దాటాక వాతావరణాన్ని నమ్మలేం. పొద్దున్నే ఆరింటికి మాణాలో బయల్దేరినా, పన్నెండయ్యేసరికి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. జలపాతం కళ్ళముందే కనిపిస్తున్నా సరే. ఇది బయల్దేరకముందే ఒప్పుకోవాలి, అక్కడికెళ్ళాక బుద్ధి ఒప్పుకోనివ్వదు.

"మరి పన్నెండింటికి చేరకపోతే?"

"వచ్చేస్తాం."

"అప్పుడు నా మీద పడ్డట్టా, పడనట్టా?"

నేను గాలి గురించి మళ్ళీ మొదలుపెట్టబోయాను. అమ్మే ఆపింది. "చేరకపోతే లెక్కలోకి రాదులే. మళ్ళీ ఏడాది వెళ్ళొచ్చు" అంది. ఆ మాట కోసం నేను మూడు నెలలుగా ఎదురుచూస్తున్నానని అప్పటిదాకా నాకూ తెలీదు. నాన్న పోయాక అమ్మ నోట వచ్చే ఏడాది అన్న మాట వినడం అదే మొదటిసారి.

రాత్రి జాబితా సరిచూసుకున్నాం. మాణా దాటాక తిండి దొరుకుతుందని నమ్ముకోకూడదు కాబట్టి పులిహోర, ఖర్జూరాలు, వేరుశనగ ఉండలు. ఇద్దరికీ చెరో రెండు లీటర్ల నీళ్ళు. టోపీలు, చేతికర్రలు, మందులు. రెయిన్‌కోట్ నడకలో వాన కోసం ఉంటుంది, ధార దగ్గర మాత్రం తీసేస్తుంది. బదులుగా ఒక పొడి బట్టల జత, స్వెటర్, తువ్వాలు పాలిథిన్ కవర్లో మూట కట్టి నా బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టాను, వెతుక్కోకుండా చేతికందేలా.